వేల్స్ టీనేజర్లు – ప్రజా ప్రసార సేవలు

వేల్స్‌లో పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ వయసున్న పిల్లలు బీబీసీ, ఎస్4సి వంటి ప్రజా ప్రసార సంస్థలను ఎలా చూస్తారు, వాటి నుంచి ఏం కోరుకుంటారు అన్న ప్రశ్న బ్రిటన్ ప్రసార రంగంలో చాలాకాలంగా నలుగుతోంది. యువత టీవీకి దూరమవుతున్న సంగతి బ్రిటన్ అంతటా ఉన్నదే. వేల్స్‌లో దానికి భాష అనే మెలిక కూడా తోడైంది. అక్కడి జనాభా దాదాపు 31 లక్షలు. 2021 జనగణన ప్రకారం మూడేళ్ళు నిండినవారిలో 5,38,300 మందికి, అంటే 17.8 శాతానికి, వెల్ష్ వచ్చు. ఆ భాషకంటూ ఉన్న టీవీ ఛానెల్ ఎస్4సి ఒక్కటే. లండన్ కుర్రవాడు టీవీ కట్టేస్తే పోయేది కాస్త కాలక్షేపం. న్యూపోర్ట్‌లో బడిలో వెల్ష్, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయి కట్టేస్తే, బడి గేటు దాటాక వెల్ష్ చెవిన పడే కొద్దిపాటి దారుల్లో ఒకటి మూసుకుపోతుంది. అందుకే వేల్స్‌లో ఈ వయసువారి అభిరుచులను ప్రేక్షకుల లెక్కలు చూసేవారే కాక భాషాభిమానులు, విద్యావేత్తలు, శాసనసభ్యులు కూడా పట్టించుకుంటారు.

వ్యవస్థ

బ్రిటన్‌లో ప్రజా ప్రసార సేవ అంటే ప్రభుత్వ ఛానెల్ అని కాదు. నిష్పాక్షికమైన వార్తలు, పిల్లల కార్యక్రమాలు, ప్రాంతీయ విశేషాలు వంటివాటిని గిట్టుబాటుతో నిమిత్తం లేకుండా అందించే బాధ్యతను చట్టం కొన్ని సంస్థలపై పెట్టింది. బీబీసీ, ఛానెల్ 4, ఎస్4సి ప్రజల సంస్థలు. ఐటీవీ, ఛానెల్ 5 ప్రైవేటువే అయినా వాటి లైసెన్సు షరతుల్లోనూ ఈ బాధ్యతలో కొంత ఉంది. వీటి పనితీరును గమనించి, కనీసం ఐదేళ్ళకోసారి సమీక్షించేది ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ. 2003 నాటి కమ్యూనికేషన్ల చట్టం దానికి ఆ అధికారం ఇచ్చింది.

వేల్స్‌లో బీబీసీ గొంతు తొలిసారి వినిపించింది 1923 ఫిబ్రవరి 13న, కార్డిఫ్ రేడియో కేంద్రం నుంచి. పిల్లల మాట అంతకంటే ముందే గాలిలోకి వెళ్ళిందన్నది ముచ్చటైన విషయం. బీబీసీ ఇంకా పుట్టని 1922 జూన్‌లో, వేల్స్ పిల్లల తరఫున ప్రపంచంలోని పిల్లలందరికీ శాంతి సందేశం రేడియో తంతి ద్వారా వెళ్ళింది. ఇర్ద్ అనే వెల్ష్ యువజన సంస్థ ఆ ఆనవాయితీని నేటికీ ఏటా కొనసాగిస్తోంది. వెల్ష్ భాషలో బీబీసీ రేడియో కమ్రి 1977లోను, ఇంగ్లీషులో రేడియో వేల్స్ 1978లోను మొదలయ్యాయి. టీవీ విషయానికొస్తే, ఎస్4సి తన కార్యక్రమాల్లో ఎక్కువ భాగాన్ని స్వతంత్ర నిర్మాణ సంస్థలతో చేయిస్తుంది. వారానికి కనీసం పది గంటల కార్యక్రమాలను బీబీసీ దానికి ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం. వెల్ష్ వార్తలు, 1974 నుంచి నడుస్తున్న ‘పోబోల్ అ కూమ్’ (లోయ జనం) సీరియల్ ఆ కోటా కిందే వస్తాయి.

కుర్రకారు గెలుచుకున్న ఛానెల్

ఎస్4సి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1962 ఫిబ్రవరి 13న నాటకకర్త సాండర్స్ లూయిస్ బీబీసీ రేడియోలో ‘భాష భవితవ్యం’ అన్న ప్రసంగం చేశాడు. గట్టిగా పూనుకోకపోతే ఇరవయ్యొకటో శతాబ్దపు ఆరంభానికే వెల్ష్ వాడుక భాషగా అంతరిస్తుందని హెచ్చరించాడు. ఆ ఏడాదే వెల్ష్ భాషా సంఘం పుట్టింది. దానిలో చేరినవారిలో చాలామంది విద్యార్థులు. 1970లలో వారు ప్రసార స్తంభాలెక్కారు, స్టూడియోల్లోకి చొరబడ్డారు, టీవీ లైసెన్సు రుసుము కట్టబోమని జైలుకు వెళ్ళారు. 1979లో పెన్‌కారెగ్ ప్రసార కేంద్రంలోకి దూరి స్విచ్చు కట్టేసిన ముగ్గురు మాత్రం కుర్రవాళ్ళు కారు, పేరున్న మేధావులు. ఉద్యమం అప్పటికి అన్ని వయసులకూ పాకిందనడానికి అదే గుర్తు.

1979 ఎన్నికల్లో వెల్ష్ ఛానెల్ పెడతామని మాటిచ్చిన కన్సర్వేటివ్ పార్టీ, గెలిచాక వెనక్కి తగ్గింది. ఛానెల్ రాకపోతే 1980 అక్టోబరు 6 నుంచి ఆమరణ నిరాహారదీక్షకు కూర్చుంటానని వేల్స్ జాతీయవాద పార్టీ ప్లయిడ్ కమ్రి నాయకుడు గ్విన్‌ఫోర్ ఎవన్స్ ప్రకటించాడు. దీక్ష మొదలుకాకముందే, సెప్టెంబరు 17న, మార్గరెట్ థాచర్ ప్రభుత్వం దిగొచ్చింది. తీసుకున్న నిర్ణయాన్ని ఆ ప్రభుత్వం తిరగదోడుకోవడం అరుదు. 1982 నవంబరు 1న, ఛానెల్ 4 కంటే ఒక్క రోజు ముందు, ఎస్4సి ప్రసారాలు మొదలయ్యాయి. తొలి సాయంత్రం పిల్లలను పలకరించింది ‘సూపర్‌టెడ్’ అనే బొమ్మ ఎలుగుబంటి.

ఈ గెలుపు ఇంగ్లీషు మాత్రమే వచ్చిన వేల్స్ టీనేజర్లకు ఇంకోలా అనుభవమైంది. వేల్స్‌లో నాలుగో ఛానెల్ స్థానం ఎస్4సిది కావడంతో, ఇంగ్లండ్ పిల్లలు సాయంత్రం చూసే ఛానెల్ 4 కార్యక్రమాలు ఇక్కడ వేళ కాని వేళల్లో వచ్చేవి. సరిహద్దు పొడవునా, ఆగ్నేయాన ఎన్నో ఇళ్ళవాళ్ళు ఏంటెనాలను ఇంగ్లండ్ ప్రసార స్తంభాల వైపు తిప్పుకున్నారు. కోరిన కార్యక్రమాలు దొరికాయి గానీ, వాటితోపాటు వార్తలు కూడా బ్రిస్టల్‌వో మాంచెస్టర్‌వో వచ్చాయి. తమ దేశపు సంగతులు టీవీలో వినకుండానే పెరిగిన తరం అలా తయారైంది. 2010 మార్చి నాటికి వేల్స్‌లో అనలాగ్ ప్రసారాలు ఆగి డిజిటల్ పూర్తిగా అమలయ్యాక ఛానెల్ 4 దాని దారిన అది వచ్చింది. ఎస్4సి పూర్తి వెల్ష్ ఛానెల్ అయింది. పోటీ పడే చోటు ఒక్కటే అయినప్పుడు తలెత్తిన కోపాలు మాత్రం పెద్దవాళ్ళ జ్ఞాపకాల్లో ఇంకా పూర్తిగా చల్లారలేదు.

చూపు ఎటు మళ్ళింది

2022లో ఆఫ్‌కామ్ ప్రకటించిన లెక్కల ప్రకారం బ్రిటన్‌లో 16–24 ఏళ్ళవారు రోజుకు సగటున 53 నిమిషాలు మాత్రమే ప్రసార టీవీ చూస్తున్నారు. అరవై ఐదు దాటినవారు 5 గంటల 50 నిమిషాలు చూస్తున్నారు. అంటే తాతకూ మనవడికీ మధ్య దాదాపు ఏడు రెట్ల తేడా. వారంలో ఒక్కసారైనా ప్రసార టీవీ చూసే 16–24 ఏళ్ళవారు 2018లో 76 శాతం ఉంటే, 2023కు 48 శాతానికి పడిపోయారు. 4–15 ఏళ్ళ పిల్లల్లో అది 81 నుంచి 55కు దిగింది. ఇవి బ్రిటన్ మొత్తానికి చెందిన అంకెలే అయినా, వేల్స్ పోకడ వీటికి భిన్నంగా లేదు.

పిల్లలు తెరకు దూరమయ్యారని దీని అర్థం కాదు. తెర అదే, అందులో వచ్చేది మారింది. యూట్యూబ్, టిక్‌టాక్, నెట్‌ఫ్లిక్స్ ఇప్పుడు వారి రోజువారీ ఛానెళ్ళు. 2020లో ఆఫ్‌కామ్ యువత అభిప్రాయాలపై ప్రత్యేక దృష్టితో చేయించిన అధ్యయనంలో తేలిన విషయం ఆసక్తికరమైనది. ‘ప్రజా ప్రసార సేవ’ అన్న మాటే చాలామందికి కొత్త. ఛానెళ్ళ పేర్లు వారి మనసులో పెద్దవాళ్ళ అలవాట్లతో కలిసిపోయి ఉన్నాయి. తమకోసమే ఏర్చి కూర్చినట్టు సాగే నెట్‌ఫ్లిక్స్ పక్కన అవి పాతకాలపు సరుకులా కనిపిస్తాయి. అయితే ఇవన్నీ లేకుండా పోతే ఏమవుతుందని అడిగేసరికి జవాబు మారుతుంది. పెద్ద వార్త వచ్చిన రోజు, దేశమంతా ఒకేసారి చూసే ఆట జరిగే రోజు, నమ్మదగిన సమాచారం కావలసిన రోజు ఇవి ఉండి తీరాలంటారు. తాను వాడకపోయినా సమాజానికి కావాలి అన్న ఈ ధోరణి గ్రంథాలయాల గురించి జనం మాట్లాడే తీరును తలపిస్తుంది. గ్రంథాలయాలకు ఆ మాట ఎంత మేలు చేసిందన్నది వేరే ప్రశ్న.

ఈ అభిప్రాయాల్లో మరో చిక్కు ఉంది. టీనేజర్లకు గుర్తుండేది కార్యక్రమం, దాన్ని తీసిన సంస్థ కాదు. బీబీసీ తీసిన సీరియల్‌ను నెట్‌ఫ్లిక్స్‌లో చూసినవారు దాన్ని నెట్‌ఫ్లిక్స్ ఖాతాలోనే వేస్తారు. బీబీసీ వార్తా చిత్రాన్ని టిక్‌టాక్‌లో చూస్తే ‘టిక్‌టాక్‌లో చూశాను’ అంటారు. కాబట్టి బీబీసీ చూస్తావా అని నేరుగా అడిగితే వచ్చే ‘లేదు’ను యథాతథంగా తీసుకోవడానికి లేదు.

తెరమీద వేల్స్

తమ ఊరు తెరమీద కనిపించాలన్న కోరిక ఈ వయసులో బలంగా ఉంటుంది. వేల్స్ పిల్లలకు ఊళ్ళు కనిపించడంలో లోటేమీ లేదు, పేరుతో కనిపించడంలోనే ఉంది. 2005లో మళ్ళీ మొదలైన ‘డాక్టర్ హూ’ సీరియల్‌ను బీబీసీ కార్డిఫ్‌లోనే తీస్తూ వచ్చింది. అయినా అందులో కార్డిఫ్ వీధులు చాలాసార్లు లండన్ వీధుల వేషం వేసుకుంటాయి. నెట్‌ఫ్లిక్స్‌లో 2019 నుంచి వచ్చిన ‘సెక్స్ ఎడ్యుకేషన్’ సీరియల్‌లోని బడి నిజానికి న్యూపోర్ట్ దగ్గర కేర్లియన్‌లోని పాత కళాశాల ప్రాంగణం. కథలోని ఊరు మాత్రం ఎక్కడిదో తెలియని ఊహాలోకం, వినిపించే యాసలు ప్రధానంగా ఇంగ్లండ్‌వి. దానికి భిన్నంగా, బారీ పట్టణాన్ని బారీగానే చూపిన బీబీసీ హాస్య ధారావాహిక ‘గావిన్ అండ్ స్టేసీ’ వేల్స్‌లో తరాలు దాటి ఆదరణ పొందింది. 2007లో అది మొదలైనప్పటికి పుట్టని పిల్లలు 2024 క్రిస్మస్ నాటి చివరి భాగాన్ని ఇంటిల్లిపాదితో కలిసి చూశారు.

చూపించడమంటే మెచ్చేలా చూపించడమేనని కూడా కాదు. 2012లో ఎం.టి.వి. మొదలుపెట్టిన ‘ద వ్యాలీస్’ అనే రియాలిటీ షో దక్షిణ వేల్స్ బొగ్గు లోయల కుర్రకారును తాగుబోతులుగా, ఆవారాలుగా చూపించిందని అక్కడివారు నిరసన తెలిపారు. ఎం.టి.వి. ప్రజా ప్రసార సంస్థ కాదు. ఆ గొడవ మాత్రం ప్రజా ప్రసారం ఎందుకన్నదానికి మంచి ఉదాహరణగా మిగిలింది. బొగ్గు, రగ్బీ, గొర్రెలు, మగ గాయక బృందాలు ఉంటే చాలు వేల్స్ అయిపోయిందనుకునే ధోరణి మీద వేల్స్ యువతకున్న విసుగు ఇంకా పాతది. మరోపక్క, 2022 నుంచి డిస్నీ ప్లస్‌లో వస్తున్న ‘వెల్‌కమ్ టు రెక్సమ్’ ఒక వేల్స్ పట్టణాన్ని, దాని ఫుట్‌బాల్ జట్టును ప్రపంచానికి పరిచయం చేసింది. వేల్స్ కథ చెప్పడం ప్రజా ప్రసార సంస్థల గుత్తసొత్తు అన్న వాదన దానితో కొంత బలహీనపడింది.

వార్తలు

టీనేజర్ల ఫిర్యాదుల్లో పసలేనివి కొన్ని ఉండవచ్చుగానీ, వార్తల విషయంలో వారు చెప్పేదానికి ఆధారాలున్నాయి. 1999 నుంచి ఆరోగ్యం, విద్య వంటి శాఖలు కార్డిఫ్‌లోని శాసనసభ చేతికి వచ్చాయి. లండన్ వార్తలు మాత్రం ఇంగ్లండ్ నిర్ణయాలనే దేశమంతటి నిర్ణయాలుగా చెబుతూ వచ్చాయి. 2008లో రాజనీతి శాస్త్ర ఆచార్యుడు ఆంథొనీ కింగ్ అప్పట్లో బీబీసీని పర్యవేక్షించిన బీబీసీ ట్రస్టుకు ఇచ్చిన నివేదికతో ఇది అంకెల్లో బయటపడింది. దానికోసం కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించిన బీబీసీ వార్తల్లో విద్య, ఆరోగ్యాలపై వచ్చిన 136 కథనాలూ ఇంగ్లండ్‌కు సంబంధించినవే. ఆ తర్వాత బీబీసీ తీరు కొంత మెరుగుపడింది. అయినా పరీక్షల పద్ధతి నుంచి విశ్వవిద్యాలయ రుసుముల దాకా ఇంగ్లండ్ వార్త విని తమకూ వర్తిస్తుందేమోనని తికమకపడడం వేల్స్ విద్యార్థులకు కొత్త కాదు.

అదే విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2009లో వెలువడిన మరో అధ్యయనం పిల్లలనే అడిగింది. బ్రిటన్‌లోని నాలుగు దేశాల నుంచి కార్డిఫ్, గ్లాస్గో, కోల్‌రేన్, బోర్న్‌మత్‌లలో 8–15 ఏళ్ళ పిల్లలతో మాట్లాడింది. 1972 నుంచి నడుస్తున్న పిల్లల వార్తా కార్యక్రమం ‘న్యూస్‌రౌండ్’ పన్నెండు దాటినవారికి చిన్నపిల్లల వ్యవహారంలా ఉంది, పెద్దల వార్తలేమో తమను లెక్కలోకే తీసుకోకుండా సాగుతున్నాయి. తమ దేశపు, తమ ఊరి వార్తలు ఎక్కువ కావాలని పిల్లలు కోరారు. వార్తల్లో తమ వయసువారు కనిపిస్తే నేరస్తులుగానో బాధితులుగానో కనిపించడం వారికి నచ్చలేదు. పదమూడేళ్ళకు న్యూస్‌రౌండ్‌ను దాటేసిన పిల్ల ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్నకు అప్పట్లో సరైన జవాబు లేదు. ఆ జవాబును తర్వాత ఫోన్లు ఇచ్చాయి. 2022లో ఆఫ్‌కామ్ సర్వేలో 12–15 ఏళ్ళవారు వార్తలకు ఎక్కువగా వాడే మూడు మార్గాలు ఇన్‌స్టాగ్రామ్ (29 శాతం), టిక్‌టాక్, యూట్యూబ్ (చెరో 28 శాతం). అంతకుముందు మొదటి స్థానంలో ఉన్న బీబీసీ ఛానెళ్ళు 24 శాతానికి జారాయి. వాడకం ఎక్కువైనంత మాత్రాన నమ్మకం ఎక్కువని కాదు. సోషల్ మీడియాలో దొరికే వార్త కంటే టీవీ వార్తే నిజమై ఉంటుందని ఈ వయసువారు సర్వేల్లో చెబుతూనే ఉన్నారు.

వేల్స్‌లో ఈ విషయానికి రాజకీయ ప్రాముఖ్యం కూడా వచ్చింది. 2020 నాటి చట్టంతో పదహారేళ్ళవారికి వేల్స్ శాసనసభ ‘సెనెథ్’కు ఓటు వేసే హక్కు దక్కింది. 2021 మే ఎన్నికల్లో వారు తొలిసారి ఓటేశారు. కోవిడ్ కాలంలో లాక్‌డౌన్ నిబంధనలు వేల్స్‌ను ఇంగ్లండ్‌తో కలిపే సెవర్న్ వంతెనకు అటొకలా ఇటొకలా ఉండడంతో, వేల్స్ వార్తలు ఎక్కడ దొరుకుతాయన్న విషయం ఇంట్లో అందరికీ తెలిసివచ్చింది.

భాష, యాస

వెల్ష్ మాట్లాడే టీనేజర్లు ఒకే గుంపు కాదు. 2021లో గ్వినెథ్ జిల్లాలో జనాభాలో 64.4 శాతానికి వెల్ష్ వచ్చు. అక్కడి కుర్రవాడికి అది వీధి భాష, తిట్ల భాష, ప్రేమ భాష. ఆగ్నేయ పట్టణాల్లో వెల్ష్ మాధ్యమ బడికి వెళ్ళే పిల్లలకు అది ఎక్కువగా టీచర్ల భాష. మిగిలిన బడుల పిల్లలు పదహారేళ్ళ దాకా దాన్ని తప్పనిసరి సబ్జెక్టుగా చదువుతారు, పరీక్ష కాగానే చాలామంది మరిచిపోతారు. ఒకే ఛానెల్ ఈ ముగ్గురినీ మెప్పించాలి. మొదటివారికి అది కృతకంగా, రెండోవారికి బడి కొనసాగింపులా, మూడోవారికి కొరుకుడుపడనిదిలా అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఉత్తర దక్షిణాల తేడా మరొకటి. అమ్మమ్మను ఉత్తరాన ‘నైన్’ అంటే, దక్షిణాన ‘మమ్‌గీ’ అంటారు. పాలకు కూడా రెండు వేర్వేరు మాటలున్నాయి. వాటిలో మొదటి హల్లు నాలుక పక్కల నుంచి గాలి ఊదితే వచ్చేది, దాన్ని తెలుగు లిపిలో రాయడం కుదరదు. టీవీ వెల్ష్ ఈ రెంటి మధ్య సర్దుకుంటూ, కొంచెం గ్రాంథికంగా వినిపిస్తుంది. యువత మాట్లాడే వెల్ష్‌లో ఇంగ్లీషు మాటలు ధారాళంగా దొర్లుతాయి. దాన్ని అలాగే తెరకెక్కిస్తే పెద్దలకు కోపం, శుద్ధి చేస్తే పిల్లలకు నవ్వు. 1995 నుంచి ఆంగ్లెసీ దీవిలోని మెనాయ్ బ్రిడ్జ్ ఊళ్ళో తీస్తున్న ‘రౌండ్ ఎ రౌండ్’ సీరియల్ ఉత్తరాది వాడుకను నమ్ముకుని మొదటి నుంచీ యువ ప్రేక్షకులను నిలుపుకుంది. 2017లో ఎస్4సి ఆన్‌లైన్‌లో ప్రారంభించిన ‘హాన్ష్’ ఇంకో అడుగు ముందుకేసింది. 16–34 ఏళ్ళవారికోసం చిన్న చిన్న వీడియోలు, హాస్యం, సంగీతం, మొహమాటం లేని మాటలు, మాట్లాడేవారి యాస మాట్లాడేవారిది.

భాష నియమాలకూ యువత సృజనకూ మధ్య ఒరిపిడి ప్రసార రంగానికి వెలుపల కూడా ఉంది. వెల్ష్, ఇంగ్లీషు కలిపి పాడే ర్యాపర్ సేజ్ టోడ్జ్ 2022లో ‘ఓ హీద్’ పాటతో ప్రసిద్ధుడయ్యాడు. ఆయన పాటల్లో ఇంగ్లీషు పాలు ఎక్కువ కావడంతో 2023లో వెల్ష్ భాషకే పరిమితమైన జాతీయ ఐస్తెడ్‌ఫోడ్ ఉత్సవంలో పాడడం కుదరలేదు. భాషకు ఒక చోటైనా పూర్తిగా తనదై ఉండాలన్న వాదన, యువత ఎలా మాట్లాడుతుందో అలాగే రానివ్వాలన్న వాదన రెండూ ఆ సందర్భంలో గట్టిగా వినిపించాయి. ఎస్4సి ముందున్నదీ ఇదే తగువు. రెండు వాదనల్లోనూ నిజం ఉండడం వల్లే అది తెగదు.

ఆటల విషయంలో ఇటువంటి పేచీలు లేవు. 1958 తర్వాత మళ్ళీ 2022లో వేల్స్ పురుషుల జట్టు ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు చేరినప్పుడు, వెల్ష్ రాని పిల్లలు కూడా డావిడ్ ఇవాన్ పాత పాట ‘అమ ఓ హీద్’ను కంఠతా పట్టారు. జట్టు ఆటలను వెల్ష్ వ్యాఖ్యానంతో ఎస్4సి చూపింది. శరత్కాలపు రగ్బీ మ్యాచ్‌ల హక్కులు అమెజాన్ చేతికి వెళ్ళిన రోజుల్లోనూ ఎస్4సి వాటిని ఉచితంగా, వెల్ష్‌లో ప్రసారం చేసింది. చందా కట్టలేని ఇళ్ళలో, మాట అర్థంకాకపోయినా ఆట చూసినవారున్నారు. భాషను ఇంట్లోకి తీసుకువెళ్ళడంలో ఏ పాఠ్యప్రణాళికకూ తీసిపోని సాధనమిది.

పదమూడు, పదహారు మధ్య

ఎస్4సికి బడి ఈడు రాని పిల్లలకోసం 2008లో మొదలైన ‘కియూ’ (కోడిపిల్ల) విభాగం ఉంది. 7–13 ఏళ్ళవారికి 2010 నుంచి ‘స్టున్ష్’ ఉంది. ఆ తర్వాత పదహారేళ్ళకు ‘హాన్ష్’. నడుమ మూడేళ్ళు ఏ గూటికీ చెందని వయసు. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు ఏ భాషలో స్నేహాలు చేయాలో, ఏ భాషలో సందేశాలు పంపుకోవాలో తేల్చుకుంటారు. 5–15 ఏళ్ళవారిలో వెల్ష్ వచ్చినవారు 2011లో 40.3 శాతం ఉంటే 2021కి 34.3కు తగ్గారు. 2050కల్లా పది లక్షల మంది వెల్ష్ మాట్లాడాలని 2017లో లక్ష్యం పెట్టుకున్న వేల్స్ ప్రభుత్వానికి ఈ అంకె మింగుడుపడలేదు.

ఖాళీ ఒక్క వెల్ష్‌లోనే కాదు. 2003 చట్టం వాణిజ్య ఛానెళ్ళకు పిల్లల కార్యక్రమాల కోటాను ఎత్తేసింది. తర్వాత కొద్ది ఏళ్ళకే, కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తినుబండారాల ప్రకటనలపై పిల్లల కార్యక్రమాల్లో నిషేధం వచ్చింది. పిల్లల ఆరోగ్యానికి మంచిదే, కానీ ప్రకటనల ఆదాయం పోయేసరికి ఐటీవీ వంటివి పిల్లల కార్యక్రమాలను బాగా తగ్గించుకున్నాయి. 2018లో ఆఫ్‌కామ్ సమీక్ష మూడు లోట్లు ఎత్తి చూపింది. పెద్ద పిల్లలకు కార్యక్రమాలు తక్కువ, లోకాన్ని అర్థం చేయించేవి తక్కువ, బ్రిటన్ పిల్లలు తమ జీవితాలను తాము చూసుకోగలిగేవి తక్కువ. వీటిని పూడ్చడానికి 2019లో 5.7 కోట్ల పౌండ్ల యువ ప్రేక్షకుల నిధి ఏర్పడింది. వెల్ష్ వంటి భాషలకూ అందులో చోటు దక్కింది. మూడేళ్ళ ప్రయోగం 2022లో ముగిసింది, పొడిగింపు రాలేదు.

టీనేజర్లు మారుమాట లేకుండా మెచ్చుకునే ప్రజా ప్రసార సేవ ఒకటుంది, దాన్ని వారు ప్రసారంగా లెక్కించరు. అది 1998లో మొదలైన బీబీసీ ‘బైట్‌సైజ్’. వేల్స్ పాఠ్యాంశాలకు తగ్గట్టు, రెండు భాషల్లోనూ పరీక్షల పునశ్చరణకు పనికొస్తుంది. 2021 జనవరిలో బడులు మూతపడ్డప్పుడు బీబీసీ తన టీవీ ఛానెళ్ళలో పాఠాలే చెప్పింది.

డబ్బు

బీబీసీని, ఎస్4సిని ప్రధానంగా పోషించేది టీవీ చూసే ఇళ్ళు కట్టే లైసెన్సు రుసుము. 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లయింది. ఇంట్లో ఉన్నంతకాలం టీనేజర్‌కు దీని బరువు తెలియదు. చదువుకోసం ఊరు మారి సొంత గదిలో టీవీ పెట్టుకున్నప్పుడు తొలిసారి ఎదురవుతుంది. 2016 సెప్టెంబరు నుంచి బీబీసీ ఆన్‌లైన్ సేవ ఐప్లేయర్ చూడాలన్నా లైసెన్సు కావాలి. నెట్‌ఫ్లిక్స్‌ను నచ్చకపోతే ఆ నెలే మానేయవచ్చు, దీన్ని మానేయాలంటే ప్రత్యక్ష ప్రసారాలే మానుకోవాలి. యువతకు ఇది అన్యాయంగా తోచడానికి కారణం సొమ్ము కంటే ఈ నిర్బంధమే. ఎస్4సికి 2010లో ప్రభుత్వం నేరుగా పది కోట్ల పౌండ్లకు పైగా ఇచ్చేది. ఆ ఏడాది పొదుపు చర్యల్లో అది బాగా తెగింది. 2022 నుంచి ఆ ఛానెల్ ప్రజాధనం అంతా లైసెన్సు రుసుము నుంచే వస్తోంది. అప్పటి లెక్కలో అది ఏడాదికి 8.88 కోట్ల పౌండ్లు, అందులో 75 లక్షలు డిజిటల్ పనులకని అదనంగా ఇచ్చినవి.

నిర్ణయాల్లో పిల్లల మాట

తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది. అల్పసంఖ్యాక భాషల పిల్లల అవసరాలను ప్రసార సాధనాలు గుర్తించేలా చూడాలని 17వ అధికరణం అంటుంది. ఈ ఒడంబడికను మంత్రులు పరిగణనలోకి తీసుకోవాలని వేల్స్ 2011లో చట్టమే చేసింది. 2018లో ఎన్నికైన తొలి వేల్స్ యువ పార్లమెంటులో 60 మంది సభ్యులు. వారు ఎంచుకున్న ముఖ్యాంశాలు మానసిక ఆరోగ్యం, బడిలో జీవన నైపుణ్యాలు, చెత్త–ప్లాస్టిక్. ప్రసార రంగం వాటిలో లేదు. ప్రసార అధికారాలు లండన్ చేతిలోనే ఉండడం ఒక కారణం కావచ్చు. అంతకంటే ముఖ్యంగా, పెద్దలను ఇంతగా కలవరపెట్టే ఈ సమస్య పిల్లల తొలి మూడు సమస్యల్లో లేదన్నది గమనించదగ్గది. ఆ అధికారాలను కార్డిఫ్‌కు తేవాలన్న చర్చ సాగుతూనే ఉంది, వేల్స్ ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం 2023లో నివేదిక ఇచ్చింది.

2024 మే 24న ఆమోదం పొందిన మీడియా చట్టం వేల్స్ టీనేజర్లకు రెండు రకాలుగా వర్తిస్తుంది. స్మార్ట్ టీవీ తెరమీద ప్రజా ప్రసార సంస్థల యాప్‌లు సులువుగా కనిపించేలా ఉంచాలని అది తయారీదారులను ఆదేశిస్తుంది. ఎస్4సి ప్రసారాలకున్న భౌగోళిక హద్దులను కూడా తీసేసింది. దీంతో చదువుకు లివర్‌పూల్ వెళ్ళిన విద్యార్థికి, విదేశంలో ఉన్న వెల్ష్ కుటుంబపు పిల్లలకు ఆ ఛానెల్ చేరడం తేలికవుతుంది. దీనికి ముందే, 2023లో, ఎస్4సి సీరియల్ ‘దాల్ అ మెల్త్’ పూర్తిగా వెల్ష్‌లో నెట్‌ఫ్లిక్స్‌కెక్కిన మొదటి ధారావాహిక అయింది. టీవీ తెరకు కొత్త చట్టం ఇచ్చే రక్షణ మాత్రం ఫోనుకు అంతగా అందదు. యూట్యూబ్‌లో ఒక వెల్ష్ వీడియో పూర్తవగానే తర్వాత వచ్చేది ఇంగ్లీషుదే కావచ్చు, ఎందుకంటే అక్కడ వరుస కట్టేది యంత్రం. బీబీసీ ఏ నిబంధనలపై నడవాలో చెప్పే ప్రస్తుత రాజశాసనం గడువు 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. 1970లలో ప్రసార స్తంభాలెక్కిన విద్యార్థుల మనవలు చాలామంది అప్పటికి ఓటర్లు, కొందరు లైసెన్సు కట్టవలసినవారు కూడా అయి ఉంటారు.